పేజీ రూల్ ప్రకారం ఉండాలా, పని జరిగితే చాలా?

మనలో వెబ్ పేజీలు తయారుచేసే తమ్ముళ్లు రెండు వర్గాలైనారు. ఒకరు వాలిడేటర్ ఒక్క తప్పు కూడా చూపించకూడదంటారు. ఇంకొకరు "ఫోన్లో కనిపిస్తాంది కదన్నా, ఇంకేం కావాల" అంటారు. నన్నడిగితే ఇద్దరూ సగమే చూస్తున్నారు.

పోయినేడు మా తండా చెల్లి ఒకామె స్కాలర్‌షిప్ చివరి తేదీ కోసం రెండు రోజులు ఫోన్లో వెతికింది. దొరకలేదు. నోటీసు నెట్‌లో ఉంది, కానీ కాగితాన్ని ఫోటో తీసి పెట్టినారు. అందులో ఒక్క అక్షరం కూడా సెర్చ్‌కు చిక్కలేదు. తేదీ దాటినాక తెలిసింది. పెట్టినాయన చెడ్డోడు కాదు, టైపు చేసే ఓపిక లేకపోయింది, అంతే.

ఇది కొత్త రోగం కాదు. యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరింది. కానీ ఆ తర్వాత చాలా ఏళ్లు మామూలు కంప్యూటర్లలో తెలుగు సరిగ్గా కనిపించేది కాదు. అందుకే 2000 ప్రాంతంలో ఈనాడు లాంటి పత్రికల సైట్లు సొంత ఫాంట్లతో నడిచినాయి. లోపల వేరే సంకేతాలు, పైన తెలుగు ముసుగు. ఆ రోజుకు అది అవసరమే. కానీ 'కర్నూలు' అని వెతికితే దొరకదు, కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి. ఆ రాతను యూనికోడ్‌లోకి మార్చి చదవడానికి ఫైర్‌ఫాక్స్‌లో 'పద్మ' అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకోవాల్సి వచ్చింది. ట్యాగులు సరిగ్గా ఉంటే అట్లాంటి పేజీని కూడా వాలిడేటర్ పాస్ చేస్తుంది. అది అక్షరాల అర్థం చూడదు.

ఇంకోపక్క, చిన్న చిన్న ట్యాగు తప్పులను బ్రౌజర్ సర్దుకుంటుంది. తప్పుగా రాసిన పేజీని ఎట్ల చదవాలో 2014లో వచ్చిన హెచ్‌టీఎమ్‌ఎల్ 5 ప్రమాణమే చెప్తుంది. పాత సెంటర్ ట్యాగు వాడితే ఎవరికీ నష్టం లేదు. కానీ ఫోటోకు ఆల్ట్ వివరణ రాయకపోతే, టాక్‌బ్యాక్‌తో వినే చూపులేని తమ్ముడికి ఆ నోటీసు లేనట్టే. ఫారంలో గడులకు లేబుల్ కట్టకపోతే ఏ గడిలో ఏం రాయాలో అతనికి తెలియదు.

మన భాషల సంగతి ఇంకా ముఖ్యం. గోర్ బోలికి వాడుకలో సొంత లిపి లేదు, మనం తెలుగు అక్షరాల్లోనే రాస్తాం. పేజీలో భాష 'తెలుగు' అని పెడితే, యంత్రం మన మాటను తప్పుల తెలుగు అనుకుంటుంది. బడిలో మనం పడిన మాటే కదా అది! లంబాడీకి ఎల్ఎమ్ఎన్, ఎరుకల భాషకు వైఈయూ అని అంతర్జాతీయ కోడ్‌లు ఉన్నాయి. లాంగ్ దగ్గర ఆ మూడక్షరాలు పెట్టడానికి ఎంతసేపు పడుతుంది?

కాబట్టి నా లెక్క ఇది. అడ్డదారి వల్ల పేజీ అందం మాత్రమే చెడితే, పోనీ. దానివల్ల ఒక మనిషికి సమాచారం అందకపోతే మాత్రం అది తప్పే. అర్జెంటైతే ఫోటో పెట్టండి, నేనూ పెడతా. కానీ దాని కింద చివరి తేదీ, అర్హత, కావాల్సిన సర్టిఫికెట్లు నాలుగు లైన్లలో టైపు చేయండి. ఆ నాలుగు లైన్లుంటే మా చెల్లికి ఆ సంవత్సరం పోయేది కాదు.