పాత్ర కూడా మందే

2021 ఏప్రిల్, మే నెలల్లో తెలుగునాట రెమ్‌డెసివిర్ పేరు వినని ఇల్లు లేదు. అంతకు ముందు ఏడు జూన్‌లోనే హైదరాబాదుకు చెందిన హెటెరో సంస్థ దానిని కోవిఫర్ పేరిట తెచ్చింది. సీసాలో మందు 100 మిల్లీగ్రాములని కొందరికైనా తెలుసు. దానిని మొదట రూపొందించిన గిలియడ్ సంస్థ పొడి సీసాలో, ఆ 100 మిల్లీగ్రాములను నీటిలో నిలపడానికి 3 గ్రాముల మరో పదార్థం ఉంటుంది. అంటే మందుకు 30 రెట్లు! పత్రికలు ఆ రోజుల్లో మందు గురించి పుటలు నింపాయి కాని, ఈ మోసేవాడి ఊసు నాకెక్కడా కనబడలేదు.

రసాయన శాస్త్రంలో మోసే అణువును ఆతిథేయి అనీ, లోపల చేరేదానిని అతిథి అనీ అంటారు. (పెళ్లివారి విడిది గుర్తుకు వస్తే అది నా తప్పు కాదు.) ఇక్కడి ఆతిథేయి సైక్లోడెక్స్‌ట్రిన్ జాతికి చెందినది. ఒక ఎంజైము పిండిపదార్థపు గొలుసును తెంచి, 6, 7 లేక 8 గ్లూకోజు పూసలను వలయంగా చుడితే అది పుడుతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త విలియే 1891లోనే దీనిని వర్ణించాడు. ఆకారం అడుగు ఊడిన కొబ్బరి చిప్ప వంటిది. ఒక నోరు వెడల్పు, ఒక నోరు ఇరుకు. అంచులకు నీటితో చెలిమి ఉంది, లోపలి గోడకు అంతగా లేదు. అందువల్ల ఆ గుల్లలో చిక్కిన కొద్దిపాటి నీటి అణువులు బయటి నీటిలో ఉన్నంత కుదురుగా ఉండలేవు. నీటితో పొసగని మందు అణువు సరైన కొలతతో ఎదురైతే ఆ నీరు బయటికి పోతుంది, మందు లోపల ఇముడుతుంది. గట్టి రసాయన బంధమేదీ ఏర్పడదు గనుక అతిథి మళ్లీ బయటికి రాగలడు.

దీనిని కంటితో చూడదలచినవారికి ఒక రంగు చాలు. క్షారద్రావణంలో గులాబి రంగు తిరిగే ఫినాఫ్తలీన్ మనలో చాలామందికి పరిచితమే. అందులో 7 పూసల బీటా సైక్లోడెక్స్‌ట్రిన్ కలిపితే గులాబి వెలిసిపోతుంది. ఆపైన గుల్లలో ఇంకా చక్కగా ఇమిడే మరొక అణువును కలిపితే, అది రంగు అణువును వెళ్లగొట్టి తాను కూర్చొంటుంది. గులాబి తిరిగి వస్తుంది. తిరిగి వచ్చిన రంగును కొలిస్తే కొత్త అతిథిని గుల్ల ఎంత గట్టిగా పట్టుకొన్నదో లెక్క కట్టవచ్చు. ఆ అతిథి స్థానంలో మందును పెట్టినా లెక్క అదే. ఏ డిగ్రీ కళాశాలలోనైనా చేయించదగిన ముచ్చటైన ప్రయోగమిది.

సరే, మందు దిగిపోయాక పాత్ర ఏమౌతుంది? నరం ద్వారా ఎక్కించిన పాత్ర దాదాపు అంతా మూత్రపిండాల గుండానే పోవాలి. బీటా రకాన్ని ఉన్నదున్నట్లు ఎక్కిస్తే మూత్రపిండాలే దెబ్బతింటాయని జంతువులపై పరిశోధనల్లో తేలింది. కాన్సస్ విశ్వవిద్యాలయంలో వాలెంటినో స్టెల్లా బృందం దానికి సల్ఫోబ్యూటైల్ అనే తోకలు తగిలించి, బాగా కరిగేటట్లు, ఆ హాని తగ్గేటట్లు చేసింది. రెమ్‌డెసివిర్‌ను మోసేది ఈ తోకల పాత్రే. 8 పూసల సంతతిలో సుగమడెక్స్ అని మరొకటి ఉంది. శస్త్రచికిత్సలో కండరాలను సడలించడానికి ఇచ్చిన రోక్యురోనియంను అది రక్తంలోనే పట్టి బంధిస్తుంది. అక్కడ పాత్రే మందు. దాని దారీ మూత్రపిండాలే.

మహేంద్రతనయ సముద్రంలో కలిసే మా బారువలో ఈ మాట ఊరికే విని వదిలేసేది కాదు. ఉద్దానమంటే బయటివారికి కొబ్బరి, జీడి. కవిటి నుండి వజ్రపుకొత్తూరు దాకా మాకు క్రియాటినిన్. ఆ వ్యాధికి ఇదీ కారణమని ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. 2020 నాటి రెమ్‌డెసివిర్ ప్రధాన పరీక్షల్లో మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిని చేర్చుకోలేదు. వడపోత నిమిషానికి 30 మిల్లీలీటర్లకు తగ్గినవారికి ఆ మందు వద్దని మొదట వ్రాశారు. పాత్ర ఒంట్లో పేరుకొంటుందన్న భయం అందుకు ఒక కారణం. 2023 జూలైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, డయాలసిస్‌పై ఉన్నవారికి సైతం మోతాదు మార్చకుండా ఇవ్వవచ్చన్నది. అప్పటికి ఉప్పెన వచ్చి వెళ్లిపోయింది.

జాగ్రత్త పడడాన్ని నేను తప్పుపట్టను. ఆ మందు ఎందరిని నిలబెట్టిందన్న వాదంలోకీ పోను. ఎవరి విషయంలో అనుమానం ఉన్నదో వారినే పరీక్షకు దూరంగా ఉంచి, మూడేళ్లు జవాబు లేకుండా వదిలేయడం మాత్రం నాకు మింగుడు పడదు. మా ప్రాంతం వారు అడగవలసిన మొదటి ప్రశ్న అది.

2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనాయి. త్రాగే నీటిలో ఏమున్నదని ఇన్నేళ్లుగా వెదకుతున్నాము, వెదకవలసిందే. దానితో పాటు, నరానికి ఎక్కించే మందుల్లో ఏ పాత్ర ఎన్ని గ్రాములున్నదో తెలుగులో ఒక పట్టిక వేసి, మా వైద్యులకూ రోగుల ఇళ్లకూ పంచమని ఆ కేంద్రాన్ని కోరుతున్నాను. బూజుజాతి రోగాలకిచ్చే వొరికొనజోల్‌నే తీసుకోండి. ఇంజెక్షను సీసాలో 200 మిల్లీగ్రాముల మందుకు ఇదే తోకల పాత్ర 3.2 గ్రాములుంటుంది, అదే మందు మాత్రగా దొరికినప్పుడు ఈ పాత్ర ఉండదు. "డాక్టరుగారూ, మా నాయనకు మాత్ర సరిపోతుందా?" అని అడగడానికి సోంపేట ఆసుపత్రి వరండాలో నిలుచున్న కొడుక్కు ఆ పట్టికలో ఒక్క వరుస చాలు.