విత్తనంతో పాటు కొండనూ చదవాలి

శీతాకాలపు తొలి రోజులలో అరకులోయ వలిసె పూలతో పసుపుపచ్చగా మారుతుంది. పర్యాటకులకు కనువిందైన ఆ దృశ్యం విద్యార్థులకు ఒక పాఠం కావాలి. వలిసెలో స్వీయ అననుకూలత ఉంటుంది. ఒక మొక్క పుప్పొడితో అదే మొక్కలో గింజ కట్టడం అరుదు. పుప్పొడిని చేరవేయడానికి తేనెటీగలు రావాలి. పక్క పొలంలోని చోడి (రాగి) ప్రధానంగా స్వపరాగ సంపర్క పంట. కనుక దేశవాళీ చోడి రకాన్ని చిన్న మడిలో కూడా స్వచ్ఛంగా నిలుపుకోవచ్చు. వలిసెకు మాత్రం అధిక సంఖ్యలో మొక్కలు, ఇతర రకాల నుండి తగినంత దూరం, తేనెటీగలు మనగలిగే పరిసరాలు అవసరం. పుష్ప జీవశాస్త్రాన్ని, సంరక్షణను వేర్వేరు పాఠాలుగా బోధిస్తే ఈ సంబంధం విద్యార్థికి అందదు.

జన్యునిధిలో మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ వద్ద భద్రపరచిన విత్తనం దీర్ఘకాలం జీవశక్తిని నిలుపుకుంటుంది. ఆ భద్రత తప్పనిసరి. అయితే నిల్వలో ఉన్న విత్తనం మారుతున్న వర్షాలను, కొత్త తెగుళ్లను ఎదుర్కోదు. ఆ ఎంపిక కొండవాలు పొలంలో, ఏ వెన్నును విత్తనానికి ఉంచాలో నిర్ణయించే గిరిజన మహిళ చేతిలో జరుగుతుంది. ఆమె నిర్ణయానికి కారణం విత్తన సంచిపై చీటీలో సాధారణంగా కనిపించదు.

దేశవాళీ రకాలను కాపాడమనడం గిరిజన రైతును తక్కువ దిగుబడికి కట్టిపడేయడమేనన్న అభ్యంతరం ఉంది. అది తోసిపుచ్చదగినది కాదు. మేలైన రకాలను ఎంచుకునే హక్కు పాడేరు రైతుకూ ఉంది. అందువల్ల సంరక్షణ భారాన్ని రైతు ఒక్కరిపైనే మోపకూడదు. కొద్దిపాటి మడిలో పాత రకాన్ని నిలిపినందుకు తగిన ప్రతిఫలం అందాలి. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం రైతు రకాల నమోదుకు, ప్రయోజనాల పంపిణీకి అవకాశం కల్పించింది. పొరుగున ఉన్న ఒడిశాలోని కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ ప్రాముఖ్యం గల వారసత్వంగా గుర్తించింది. అదే కొండల వరుసలోని అరకు, చింతపల్లి రైతుల జ్ఞానం కూడా అంతే శ్రద్ధతో నమోదు కావాలి.

ఇందుకు కొత్త కోర్సు అవసరం లేదు. వ్యవసాయ పట్టభద్రుల చివరి సంవత్సరంలోని గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం చాలు. గిరిజన మండలాలకు వెళ్లే ప్రతి విద్యార్థి ఒక దేశవాళీ రకాన్ని విత్తు నుండి విత్తనం దాకా పరిశీలించాలి. రైతు అనుమతితో, రైతు పేరుతోనే వివరాలు నమోదు చేయాలి. సేకరించిన విత్తనంలో ఒక భాగం జన్యునిధికి చేరితే, పెంచి శుభ్రపరచిన మరో భాగం అదే గ్రామానికి తిరిగి రావాలి. సేకరణ మాత్రమే నేర్పి, తిరిగి ఇవ్వడం నేర్పని విద్య సంరక్షణ విద్య అనిపించుకోదు.