పుస్తకాల కొట్టు కబుర్లు: పతకం పొందిన నాలుగు కొత్త కథలు

పిల్లలూ! సుమారు 280 ఏళ్ళ క్రితం లండను నగరంలో జాన్ న్యూబెరీ అనే పుస్తకాల వర్తకుడు ఉండేవాడు. ఆయన 1744లో పిల్లల కోసం ఒక చిన్న పుస్తకం అచ్చు వేశాడు. పుస్తకం ఒక్కటే కొంటే వెల ఆరు పెన్నీలు. ఇంకో రెండు పెన్నీలు ఇస్తే మగపిల్లవాడికి బంతీ, ఆడపిల్లకు గుండుసూదులు గుచ్చుకునే మెత్తా దొరికేవి. వాటికి ఒక వైపు ఎరుపు, రెండో వైపు నలుపు. మంచి పని చేస్తే ఎరుపు వైపు ఒక సూది గుచ్చాలి, చెడ్డ పని చేస్తే నలుపు వైపు గుచ్చాలి. ఎరుపు వైపు పది సూదులు చేరితే ఒక పెన్నీ బహుమానం. నలుపు వైపు పది చేరితే బెత్తం!

ఆ రోజుల్లో అక్కడ పిల్లల పుస్తకాలంటే చాలా మటుకు పాఠాలూ, నీతులూను. వాటికి ఆటనూ, వినోదాన్నీ జత చేసినవాడు న్యూబెరీ. అందుకే 1921లో అమెరికాలో ఫ్రెడరిక్ మెల్చర్ అనే ఆయన, పిల్లల కోసం రాసిన మంచి పుస్తకానికి ఏటా న్యూబెరీ పేరుతో ఒక పతకం ఇవ్వాలని సూచించాడు. మెల్చర్ కూడా చిన్న వయసులో పుస్తకాల కొట్టులో పని చేసినవాడే. 1922 నుంచి అక్కడి గ్రంథాలయ సంఘం ఈ పతకాన్ని ఇస్తున్నది. 1928లో అది మన దేశంలో పుట్టిన ధనగోపాల్ ముఖర్జీకి దక్కింది. ఆయన రాసినది చిత్రగ్రీవుడనే పావురం కథ.

2022 నుంచి 2025 వరకు వరసగా ఈ పతకం పొందిన నవలలు నాలుగూ నాకు ఎంతో నచ్చాయి. ఒక్కొక్కదాన్ని గురించి చెబుతాను. చివరికి ఏమవుతుందో మాత్రం చెప్పను సుమా!

మొదటిది డోనా బార్బా హిగేరా రాసిన ‘ద లాస్ట్ క్వెంటిస్టా’. అంటే చివరి కథకురాలు. 2061లో హేలీ తోకచుక్క భూమిని ఢీకొనబోతున్నది. పెట్రా అనే అమ్మాయి తల్లిదండ్రులతో అంతరిక్ష నౌక ఎక్కి, వందల ఏళ్ళు నిద్రపోతుంది. లేచి చూసేసరికి తోటివారికి భూమి సంగతి ఏమీ జ్ఞాపకం లేదు, ఎవరో చెరిపేశారు! పెట్రాకు మాత్రం అమ్మమ్మ చెప్పిన కథలు గుర్తున్నాయి. ఆ కథలే ఆమెకు ఆయుధాలు. హేలీ తోకచుక్క నిజంగానే ఉన్నది. అది దాదాపు 76 ఏళ్ళకొకసారి వస్తుంది. 1986లో వచ్చి వెళ్ళింది, మళ్ళీ 2061లో వస్తుంది. భూమిని ఢీకొనదు, భయపడకండి. మీరంతా దాన్ని చూడవచ్చు.

రెండోది అమీనా లుక్మన్-డాసన్ రాసిన ‘ఫ్రీవాటర్’. హోమర్ పన్నెండేళ్ళవాడు. వాడూ, చెల్లెలు ఏడా బానిసలుగా ఉన్న తోట నుంచి రాత్రికి రాత్రి పారిపోతారు. తల్లి వెనకే చిక్కుపడిపోతుంది. పిల్లలిద్దరూ ఒక పెద్ద చిత్తడి అడవిలో, బానిసత్వం నుంచి తప్పించుకున్నవారు రహస్యంగా కట్టుకున్న ఊరికి చేరుతారు. ఊరు కల్పితమే గాని, వర్జీనియా, నార్త్ కరొలీనా రాష్ట్రాల సరిహద్దులో అటువంటి చిత్తడి అడవి ఉన్నది. పారిపోయిన బానిసలు అందులో నిజంగానే తలదాచుకున్నారు. హాయిగా ఉన్న చోటు వదిలి, హోమర్ అమ్మ కోసం తిరిగి వెళ్ళాలా, వద్దా? ఈ ప్రశ్న మిమ్మల్ని పుస్తకం మూయనివ్వదు.

మూడోది డేవ్ ఎగర్స్ రాసిన ‘ది ఐస్ అండ్ ది ఇంపాసిబుల్’. ఇందులో కథ చెప్పేది జొహానెస్ అనే కుక్క! సముద్రం పక్కన ఉన్న పెద్ద ఉద్యానవనంలో అది స్వేచ్ఛగా తిరుగుతూ, చూసిన సంగతులన్నీ కంచె లోపల ఉన్న మూడు ముసలి అడవి దున్నలకు చేరవేస్తుంది. తనకున్న స్వేచ్ఛ వాటికి ఎందుకు ఉండకూడదని దానికి ఒకనాడు తోస్తుంది. పాత చిత్రకారుల ప్రకృతి చిత్రాలలో ఈ కుక్కను చేర్చి వేసిన బొమ్మలు చాలా ముచ్చటగా ఉంటాయి. నలుగురూ కూర్చుని బిగ్గరగా చదువుకోవడానికి ఇది మంచి పుస్తకం.

నాలుగోది ఎరిన్ ఎంట్రాడా కెల్లీ రాసిన ‘ది ఫస్ట్ స్టేట్ ఆఫ్ బీయింగ్’. ఇది 1999 ఆగస్టులో జరుగుతుంది. అప్పటి కంప్యూటర్లలో చాలావాటిలో సంవత్సరాన్ని చివరి రెండంకెలతోనే గుర్తించేవారు. 99 తరవాత 00 వస్తే యంత్రాలు దాన్ని 1900 అనుకుని తికమకపడతాయేమోనని లోకమంతా ఆందోళన పడింది. నిపుణులు ముందుగానే సరిచేయడం వల్ల పెద్ద ప్రమాదం రాలేదు. కాని కథలోని మైకేల్‌కు ఆ సంగతి తెలియదు గదా! వాడికి పన్నెండేళ్ళు. తల్లి ఒక్కతే కష్టపడి వాడిని పెంచుతున్నది. కొత్త సంవత్సరంతో తిండి దొరకదేమోనని, వాడు అంగడిలో పండ్ల డబ్బాలు దొంగిలించి దాస్తాడు. అంతలో రెండు వందల ఏళ్ళ తరవాతి కాలం నుంచి ఒక కుర్రవాడు వాడి ముందు ప్రత్యక్షమవుతాడు!

ఇక్కడ తల్లిదండ్రులతో ఒక మాట. మా కొట్టుకు వచ్చే పెద్దలు చాలామంది పుస్తకం చేతికి తీసుకోగానే, “ఇందులో నీతి ఏమిటి?” అని అడుగుతారు. అడగడంలో తప్పు లేదు. న్యూబెరీ అయితే మైకేల్ చేసిన పనికి నలుపు వైపు ఒక సూది గుచ్చమని ఉండేవాడు. దొంగతనం మంచిదని ఈ రచయిత్రి కూడా అనదు. కాని సూది గుచ్చే తొందర ఆమెకు లేదు. వాడి గుండెలో ఎంత భయం ఉన్నదో, అమ్మ మీద ఎంత ప్రేమ ఉన్నదో ముందు చూపిస్తుంది. అది చదివిన పిల్లవాడు రేపు తన తరగతిలో తప్పు చేసిన మరో పిల్లవాడిని చూసినప్పుడు, వీడికి ఏం కష్టం వచ్చిందో అని ఒక్క క్షణం ఆలోచిస్తాడు. నీతి పద్యం బట్టీ పట్టినంత మాత్రాన ఈ గుణం అబ్బదు. అందుచేత పిల్లలు పుస్తకం ముగించాక, “నీతి ఏమిటిరా?” అని కాక, “నువ్వయితే ఏం చేసేవాడివి?” అని అడిగి చూడండి.

ఈ నాలుగూ ఇంగ్లీషు పుస్తకాలు. పై తరగతుల పిల్లలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదువుకోవచ్చు. చిన్నవారికి అన్నయ్యలో, అక్కయ్యలో రోజుకొక అధ్యాయం చదివి తెలుగులో చెబితే మరీ బాగుంటుంది. ‘ఫ్రీవాటర్’లో బానిసల బాధలు ఉన్నాయి గనుక, చిన్నపిల్లలు చదివేటప్పుడు పెద్దలు దగ్గర ఉండడం మంచిది.

తెలుగులోనూ కొత్త పుస్తకాలకు కొదవ లేదు. మన సాహిత్య అకాడెమీ 2010 నుంచి బాల సాహిత్య పురస్కారాలు ఇస్తున్నది. తెలుగులో 2024లో పి. చంద్రశేఖర్ ఆజాద్ నవల ‘మాయాలోకం’కూ, 2025లో గంగిశెట్టి శివకుమార్ ‘కబుర్ల దేవత’కూ అవి వచ్చాయి. మీ బడి గ్రంథాలయంలో ఇవి ఉన్నాయేమో అడగండి. లేకపోతే తెప్పించమని మాస్టారిని కోరండి. పిల్లలు అడిగితేనే గదా, కొట్లలోకీ గ్రంథాలయాలలోకీ కొత్త పుస్తకాలు వచ్చేది!

వచ్చే నెల బొమ్మల పుస్తకాల సంగతి చెప్పుకుందాం.