రక్తపరీక్ష ఆయుష్షు చెబుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్ళు. పెద్దపేగులో పుట్టిన కాన్సరు కాలేయానికి పాకింది. ఇక మందులు పనిచెయ్యవు, ఇంటికి తీసుకువెళ్ళమన్నారు. రక్తంలో ఆల్బుమిన్ 2.3, సి.ఆర్.పి. 90 అని వచ్చింది. వీటినిబట్టి ఎన్నాళ్ళుంటారో తెలుస్తుందంటున్నారు. నిజమేనా? ఆల్బుమిన్ సీసాలు ఎక్కిస్తే ఆయుష్షు పెరుగుతుందా? అన్నయ్య అమెరికాలో ఉన్నాడు. ఎప్పుడు రమ్మనాలి?
— ఒక సోదరి, చిలకలగూడ

జవాబు: ఎన్ని రోజులన్నది ఏ రక్తపరీక్షా చెప్పలేదు. నెలలా, వారాలా అన్నది కొంతవరకు సూచిస్తుంది, అంతే.

మీరు రాసిన రెండు పదార్థాలనూ కాలేయమే తయారుచేస్తుంది. కాన్సరు ముదిరినకొద్దీ ఒంట్లో ఒక రకమైన తాపం రగులుతూ ఉంటుంది. అప్పుడు సి.ఆర్.పి. పెరుగుతుంది, ఆల్బుమిన్ తగ్గుతుంది. కండ కరుగుతుంది, ఆకలి చస్తుంది. గ్లాస్గో వైద్యులు 2003లో దీన్నే ఒక లెక్కగా మలిచారు. సి.ఆర్.పి. లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే ఒక మార్కు, ఆల్బుమిన్ డెసిలీటరుకు 3.5 గ్రాములకు తగ్గితే మరొకటి. రెండు మార్కులూ వచ్చినవారు సగటున తక్కువ కాలం బతుకుతారు. మీ నాన్నగారికి రెండూ వచ్చాయి.

అయితే సగటు వందలమందిది. మీ నాన్నగారు ఒక్కరు. చీము పట్టినా, జ్వరం తగిలినా సి.ఆర్.పి. పెరుగుతుంది. అందుకే 1999లో ఇటలీ వైద్యులు తెల్లకణాల లెక్కతోపాటు ఆయాసం, ఆకలి, రోగి ఓపిక, డాక్టరు అంచనా కూడా కలిపి చూశారు. ఆయన మంచం దిగగలుగుతున్నారా, ఎంత తింటున్నారు, ఎంతసేపు నిద్రలో ఉంటున్నారు అన్నవి మీరే గమనించండి. అంకెలకోసం పదేపదే సూది గుచ్చించకండి.

ఆల్బుమిన్ ఎక్కిస్తే రిపోర్టులో అంకె పెరుగుతుంది, జబ్బు తగ్గదు. పొట్టలోని నీరు ఎక్కువగా తీసినప్పుడు డాక్టరు రాస్తే అది వేరు. ఆయుష్షుకోసమైతే ఆ ఖర్చు వద్దు. బలవంతంగా తినిపించవద్దు కూడా.

మీ అన్నయ్యను ఇప్పుడే రమ్మనండి. నాన్నగారు గుర్తుపట్టి మాట్లాడగలిగినప్పుడు రావడమే రావడం. ముందుగా వచ్చాడని తరవాత ఎవరూ బాధపడరు.

నొప్పి ఉంటే ఓర్చుకోమనకండి. రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రిలో 2006లో ఉపశమన చికిత్స మొదలైంది, అక్కడ చూపించండి. డాక్టరు చెప్పిన మోతాదులో మార్ఫిన్ ప్రాణం తియ్యదు, నొప్పి తీస్తుంది. మలబద్ధకం చేస్తుంది కనుక విరేచనం మందు కూడా రాయించుకోండి.

ఆయన తనంతట తాను అడిగితే, అబద్ధం చెప్పకండి. పక్కన కూర్చుని, ఏం చెయ్యాలని ఉందో అడగండి. అది ఏ రిపోర్టులోనూ ఉండదు.