పెరటికి సిమెంటు కప్పొద్దు

ఇంటి వెనుక పాతిక గజాల జాగా మిగిలితే సిమెంటు పోయించి చేతులు దులుపుకోవడం మన పట్టణాల్లో అలవాటైపోయింది. కానీ ఆ గచ్చు పగలంతా మింగిన వేడిని రాత్రి కక్కుతుంది, వాన నీటిని నేలలోకి దిగనీయదు. చదరపు మీటరుపై 1 మిల్లీమీటరు వాన కురిస్తే 1 లీటరు నీరు. హైదరాబాద్‌లో ఏటా సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంటే పాతిక గజాల పెరటిపై 16 వేల లీటర్లకు పైమాటే. గచ్చు వేస్తే అందులో ఎక్కువ భాగం మురుగుకాలువ పాలే.

అదే జాగాను సేదతీరే తోటగా మార్చడానికి వేలకు వేలు పోయనక్కర్లేదు. మందారం, నందివర్ధనం కొమ్మ గుచ్చితే బతుకుతాయి. కరివేపాకు పిలక ఇరుగుపొరుగును అడిగితే దొరుకుతుంది. నాలుగు వెదురు గడల పందిరికి సన్నజాజి పాకిస్తే నీడా, పరిమళమూ రెండూ దక్కుతాయి. పాత ఇటుకలను ఇసుకపై పరిస్తే కూర్చునే అరుగవుతుంది, సందుల్లోంచి నీరూ ఇంకుతుంది. కూరగాయల తొక్కలు, రాలిన ఆకులు కొన్ని నెలల్లో ఎరువవుతాయి.

దోమలు పెరుగుతాయన్న భయం సహజమే. అయితే దోమ గుడ్లు పెట్టేది నిలిచిన నీటిలో. కుండీల కింది పళ్లాలను వారానికోసారి ఒంపేస్తే ఆ బెడద తగ్గుతుంది. నీటి ఎద్దడి ఉన్నచోట బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు మొక్కలకు పోయవచ్చు. తీరిక లేదనేవారికి నాలుగు మొండి మొక్కలు చాలు. పెరడు విలాసం కాదు, ఇల్లు ఊపిరి పీల్చుకునే చోటు. దాన్ని మూసేయకండి.