గాలి యంత్రంలో నీళ్లు

రోడ్డు పక్కన పంక్చరు కొట్టు ముందు పొడుగాటి ఇనుప టాంకు, దాని నెత్తిన చిన్న ఇంజను మీరు చూసే వుంటారు. కరెంటు లేకపోయినా టైర్లకు గాలి పట్టే కంప్రెసరు అదే. మా కాలేజీ ఎదుటి కొట్టు కుర్రవాడు రోజూ సాయంత్రం కొట్టు కట్టేసేముందు టాంకు అడుగునున్న మర తిప్పుతాడు. బుస్సుమని గాలి, దాని వెంట తుప్పురంగు నీళ్లు! "గాలి యంత్రంలో నీళ్లెవరు పోశారోయ్?" అంటే నవ్వుతాడు.

ఎవరూ పొయ్యలేదు. గాలిలో ఎప్పుడూ తేమ వుంటుంది. ఏడెనిమిది రెట్లు కుదించిన గాలి టాంకులో చల్లారితే ఆ తేమ నీరై అడుక్కి దిగుతుంది. శ్రావణ భాద్రపదాలలో మరీను. అలాగే వుంచేస్తే రేకును లోపలినుంచి తుప్పు తినేస్తుంది. పైరంగు మాత్రం నిగనిగలాడుతూనే వుంటుంది. పలచబడిన టాంకు ఒకనాడు పగిలిందా, దగ్గరున్నవాళ్లకు ప్రాణాపాయమే. కారే చోట అతుకు వేయించి వాడుకుందామనడం వొట్టి పిసినారితనం. టాంకు మార్చవలసిందే.

తక్కినవి పెద్ద పనులు కావు. ఇంజను ఆపి, చదునైన చోట నూనె చూడాలి. ఇంజనుకు వేరు, కంప్రెసరుకు వేరు. ఒకటి చూసి రెండోది మరచిపోతూ వుంటారు. ఫిల్టరు దుమ్ము దులపాలి, బెల్టు బిగువు చూడాలి.

సేఫ్టీ వాల్వు సంగతి వేరు. టాంకులో గాలి వుండగా దాని రింగు అప్పుడప్పుడు లాగి చూడాలి. బుస్సుమనకపోతే అది మార్చేదాకా ఇంజను ముట్టుకోకూడదు. గాలి వృథాగా పోతోందని ఆ వాల్వునే బిగించేసే ఘనులు కూడా వున్నారు లెండి!