దుప్పి కొమ్ముల లెక్క: ఒకే పద్ధతి ఎందుకు కుదరదు

అమెరికా తూర్పు రాష్ట్రాల వేటగాడు మగ దుప్పి రెండు కొమ్ముల మీదా ఉన్న మొనలన్నీ కలిపి లెక్కపెడతాడు. ఒక్కో వైపు అయిదేసి ఉంటే అది ‘పది మొనల దుప్పి’. రాకీ పర్వతాల వైపు వెళితే ఒక కొమ్మునే చూస్తారు. నుదుటి దగ్గర మొలిచే చిన్న మొనను వదిలేస్తారు. ఆ పది మొనలే అక్కడ ‘నాలుగు మొనలు’. ఈ తేడా గురించి వేటగాళ్లలో బాగా పాతుకుపోయిన అభిప్రాయం ఒకటుంది: ఉన్నవన్నీ లెక్కపెట్టడమే అసలు లెక్క, పశ్చిమం వాళ్లది సగం లెక్క, దేశమంతటికీ ఒకే పద్ధతి పెడితే గొడవ వదులుతుంది అని. ఈ వాదం అంకెలను చూస్తుంది గాని కొమ్ములను చూడదు.

తూర్పున ఉన్నది తెల్లతోక దుప్పి. దాని కొమ్ముకు ముందుకు వంగిన కాడ ఒకటే. మొనలు దాని మీద నుంచి దువ్వెన పళ్లలా పైకి లేస్తాయి. నుదుటి మొన కూడా వాటిలో ఒకటిగా స్ఫుటంగా కనిపిస్తుంది. ఒక వైపు అయిదు, మరో వైపు నాలుగు ఉన్న తలలు కొల్లలు. ఒక్క వైపే చూసి చెబితే రెండో వైపు సంగతి తెలియదు కనుక కలిపి చెప్పడం సబబే. పశ్చిమాన ఉన్న మ్యూల్ డీర్ కొమ్ము తీరే వేరు. కాడ రెండు పాయలుగా చీలుతుంది, ఎదిగిన పోతులో ఒక్కో పాయ మళ్లీ రెండుగా చీలుతుంది. ఆ నాలుగు కొనలతోనే కొమ్ముకు ఆ రూపం వస్తుంది. నుదుటి మొన పొట్టిది, కొన్నింటికి అసలు మొలవదు. దాన్ని లెక్కలో వేస్తే ఒకే రూపం ఉన్న రెండు తలలకు రెండు వేర్వేరు అంకెలు వస్తాయి. పైగా అది బయలు ప్రదేశం. ఎదుటి వాలు మీద మేస్తున్న జంతువును బైనాక్యులర్‌లో వెతికేవాడికి ముందు కనిపించేది పక్కనుంచి ఒక కొమ్మే.

ఒక వైపే లెక్కించడం బద్ధకం కాదనడానికి ఎల్క్ అనే పెద్ద జింక ఒక్కటి చాలు. దాన్నీ పశ్చిమంలో ఒక వైపే లెక్కిస్తారు, కానీ నుదుటి మొనను కలుపుకునే ‘ఆరు మొనల ఎల్క్’ అంటారు. ఎల్క్‌కు ఆ మొన పొడవుగా, కొట్టొచ్చినట్టు ఉంటుంది మరి. వాళ్లు ఏ జంతువుకు తగ్గ లెక్క ఆ జంతువుకు పెట్టుకున్నారు. అయితే మొంటానా, ఐడహోల్లో తెల్లతోక దుప్పినీ ఒక వైపే లెక్కించే అలవాటుంది. అక్కడ కొమ్ము ఆకారం సాకు చెల్లదు, అది ఉత్త అలవాటే. దానికీ విరుగుడు ఎప్పుడో వచ్చింది: ఒక వైపు నాలుగు, మరో వైపు అయిదు ఉంటే ‘నాలుగు బై అయిదు’ అంటే ఏ ప్రాంతం వాడికైనా అర్థమవుతుంది.

ఒకే పద్ధతి కోరేవారు కొమ్ములకు స్కోరు కట్టే, 1887లో పుట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్‌ను సాక్ష్యానికి పిలుస్తారు. ఆ సాక్ష్యం వాళ్లకే ఎదురు తిరుగుతుంది. క్లబ్ నిబంధన ప్రకారం మొన కనీసం అంగుళం పొడవుండాలి, వెడల్పు కంటే పొడవు ఎక్కువ కావాలి. అలా తేలిన మొనలను కుడి ఎడమలకు విడివిడిగానే రాసుకుంటారు. దుప్పికి స్కోరు వచ్చేది మాత్రం అంగుళాల కొలతల నుంచి. మొనల సంఖ్య అందులో చేరదు.

యూరప్ వైపు చూస్తే ‘అసలు లెక్క’ అన్న మాటే తేలిపోతుంది. జర్మనీలో ఎక్కువ మొనలున్న కొమ్మును తీసుకుని రెట్టింపు చేస్తారు. ఒక వైపు ఆరు, మరో వైపు అయిదు ఉన్న ఎర్ర జింక అక్కడ ‘బేసి పన్నెండు’, ఉన్నవి పదకొండే అయినా. స్కాట్లండ్‌లో పన్నెండు ఉంటే ‘రాయల్’, పదహారు ఉంటేనే ‘మోనార్క్’. చిత్రకారుడు ల్యాండ్‌సీర్ 1851లో ప్రదర్శించిన ‘ది మోనార్క్ ఆఫ్ ద గ్లెన్’ చిత్రంలోని జింకకు ఉన్నవి పన్నెండే!

భారతదేశంలో కణితి, చుక్కల దుప్పి విషయంలో ఈ తగాదాకు చోటే లేకపోయింది. రెండింటికీ సాధారణంగా ఒక్కో కొమ్ముకు మూడే మొనలు: అడుగున ఒకటి, పైన చీలికలో రెండు. వాటికి మామూలుగా ఆరే అయినప్పుడు లెక్కతో పనేముంది? బ్రిటిష్ కాలపు షికారీలు కొమ్ము పొడవును అంగుళాల్లో కొలిచారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఆ వేటా ముగిసింది.

అమెరికాలో లెక్క తప్పితే నష్టం జరిగేది చట్టం దగ్గర. లేత పోతులను బతకనివ్వడానికి పెన్సిల్వేనియా 2002లో మొనల నిబంధన తెచ్చింది: చాలా ప్రాంతాల్లో ఒక కొమ్ముకు మూడు ఉండాలి. తూర్పు రాష్ట్రమే అయినా చట్టం ఒక వైపే లెక్కించింది. చెట్ల మధ్య కదిలే జంతువులో రెండు వైపులా చూసి కూడమంటే అయ్యే పని కాదు. అదే రాష్ట్రపు పశ్చిమ భాగంలో మూడింటిలో నుదుటి మొన చేరదు. పశ్చిమ రాష్ట్రాల మధ్యా ఏకాభిప్రాయం లేదు. ఒకే కాడ, దాని అడుగున అంగుళంన్నర నుదుటి మొన ఉన్న పోతును కాలిఫోర్నియా చీలిక లేనిదిగానే చూస్తుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఆ కొమ్ముకు రెండు మొనలు. దుప్పుల వేటకు నిబంధనలు రాసే అధికారం రాష్ట్రాలదే కనుక, సరిహద్దు దాటిన వేటగాడు తుపాకీ ఎత్తేముందు అక్కడి నిర్వచనం చదువుకోవాల్సిందే.